కోడిగ్రుడ్డు – ఇంటింట వండుకొను విధములు

గోదావరి యొడ్డున, అడవి అంచున నున్న పినపాక ప్రాంతపు పల్లెలలోను, కోయ గూడెములలోను పెక్కు ఇండ్ల ముంగిట నాటుకోళ్ళు తిరుగుచుండును. అవి పెట్టిన గ్రుడ్లలో కొన్ని పొదుగుటకు పోవును. కొన్ని సంతకు పోవును. పొదిగించిన 21 దినములకు పిల్లలగును, పిల్లలు పెరిగిన నాలుగు రూకలగును. ఈ లెక్క తప్పు కాదు. కాని ఆ ఇంటనే గర్భిణియో, పసిబిడ్డయో యుండగా, ఒక్క గ్రుడ్డైనను వారి కంచము చేరకపోవుట మాత్రము తీరని నష్టము.

ఏబది గ్రాముల గ్రుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులున్నవి. కండ పట్టుటకు, బిడ్డ ఎదుగుటకు ఇవియే ఆధారము. కంటికి మేలు చేయు ఏ విటమిను, ఎముకలకు వలయు డి విటమిను పచ్చసొనలో నున్నవి. కావున సొనను తీసివేసి తెల్లదానిని మాత్రమే పిల్లలకు పెట్టరాదు. గ్రుడ్డులో సి విటమిను లేదు. ఆ కొరతను ఆకుకూర, నిమ్మరసము తీర్చును.

పచ్చి గ్రుడ్డు త్రాగిన బలమని కొందరందురు. అది సరికాదు. పచ్చి తెల్లసొన బయోటిన్ అను విటమినును దేహమునకు అందనీయదు. పైగా సాల్మొనెల్లా వంటి సూక్ష్మక్రిములు కడుపులో చేరవచ్చును. గర్భిణి గ్రుడ్డు తినిన వేడి చేయునను భయమును కూడ విడువవలెను. గ్రుడ్డు సరిపడని వారికి తప్ప, బాగుగ ఉడికిన గ్రుడ్డు ఆమెకు హితమే.

గ్రుడ్డును నీటిలో వేసి చూడుడు. అడుగున అడ్డముగ పడుకొనిన తాజాది. నిలువుగ నిలిచిన కొంత పాతది. పైకి తేలిన దానిని పారవేయవలెను. నిలువ చేయు గ్రుడ్లను కడుగరాదు. పెంకుపై నుండు సన్నని రక్షణపొర పోవును. పొడిగుడ్డతో తుడిచి, తడి యిసుకలో కుదురుగ నిలిపిన కుండలో నుంచిన చల్లగ నుండును.

ఇక వంటలు. దినమును ఒకే తీరుగ పెట్టిన పిల్లలు మొగము త్రిప్పుకొందురు. కావున మార్చి మార్చి వండుడు.

ఉడికించుట: గ్రుడ్లు మునుగునట్లు చన్నీళ్ళు పోసి పొయ్యిమీద నుంచుడు. నీళ్ళు మరిగిన పిమ్మట పది పండ్రెండు నిమిషములు చాలును. వెంటనే చన్నీటిలో వేయవలెను. అతిగా ఉడికిన సొన చుట్టు ఆకుపచ్చ వలయ మేర్పడును. అదే దినమున పెట్టిన గ్రుడ్డుకు పెంకు సులువుగ రాదు. కొన్ని దినములు నిలిచినవి ఉడికించుటకు మేలు.

పులుసు: నాలుగు ఉడికిన గ్రుడ్లకు గాట్లు పెట్టుడు. రెండు ఉల్లిపాయలు వేయించి, పసుపు, కారము, ఉప్పు చేర్చి, నిమ్మకాయంత చింతపండు రసము పోసి మరిగించుడు. గ్రుడ్లు వేసి, వేయించిన నువ్వులపొడి చల్లి దింపుడు. ఇది అన్నములోనికి, జొన్నరొట్టెలోనికి బాగుండును.

మునగాకు పొరటు: ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేగిన పిమ్మట గుప్పెడు లేత మునగాకు వేసి మగ్గనిచ్చి, రెండు గ్రుడ్లు కొట్టి పోసి, తడి ఆరి గట్టిపడు వరకు కలుపుడు. దింపిన పిమ్మట నిమ్మరసము పిండిన, ఆకులోని ఇనుము ఒంటికి బాగుగ పట్టును. మునగాకునకు మారుగ చింతచిగురు కూడ వేయవచ్చును. అప్పుడు నిమ్మరసము అక్కరలేదు.

అట్టు: గిలకొట్టిన గ్రుడ్డులో ఉల్లి, కొత్తిమీర చేర్చి పెనముపై రెండు వైపుల కాల్చుడు.

పసిబిడ్డకు: ఆరు నెలలు నిండిన పిదప, గట్టిగ ఉడికిన గ్రుడ్డును మెత్తగ చిదిమి, అన్నముతో కొంచెము కొంచెముగ అలవాటు చేయవలెను. దద్దుర్లు, వాంతులు కనిపించిన ఆపి వైద్యునికి చూపుడు.

తెలంగాణలో 2015 జనవరి 1న ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రములో భోజనముతోపాటు పాలు, గ్రుడ్డు ఏర్పరచినది. అట్టి గ్రుడ్డు ఇంటికి వచ్చినపుడు నలుగురికి పంచుట మన ఆదరమే కావచ్చును. కాని నాలుగు ముక్కలైన గ్రుడ్డు తల్లికి చాలదు. ఎవరి పేర వచ్చినది వారే తినవలెను. మిగిలినవారికి పెరటికోడి యున్నది. పొదుగుటకు కొన్ని, సంతకు కొన్ని యుంచినను, ఇంటిలోని తల్లికి, బిడ్డకు కావలసినవి ముందుగ తీసి పెట్టుట గృహిణి విధి. ఆమెకు తోడ్పడుట యజమాని విధి.