ఇంటి కుక్క చనిపోయినప్పుడు



కొంతకాలం క్రితం ఒక తల్లి తన ఏడేళ్ల బాబును ఓపీకి తీసుకువచ్చింది. నాలుగు రోజులుగా అన్నం తినడం లేదు, రాత్రిళ్లు లేచి ఏడుస్తున్నాడు అంది. జ్వరం లేదు. బాబును దగ్గర కూర్చోబెట్టుకుని అడిగితే, "మా టామీ నాకు చెప్పకుండా ఊరికి వెళ్లిపోయింది" అన్నాడు. తల్లి నన్ను పక్కకు పిలిచి, "కుక్క చనిపోయింది సిస్టర్, వాడు తట్టుకోలేడని అలా చెప్పాం" అంది.

ఎలా చనిపోయిందని అడిగాను. రెండు రోజులు మంచం కింద చీకట్లో దాక్కుందట. నోటి వెంట చొంగ కారిందట, నీళ్లు మింగలేకపోయిందట. వెంటనే బాబు చేతులు చూశాను. బొటనవేలి దగ్గర చిన్న గాటు ఉంది. నీళ్లు తాగించబోతే పన్ను గీసుకుంది. చెబితే టామీని కొడతారని వాడు దాచిపెట్టాడు. ఆ రోజే గాయం కడిగి, డాక్టరుగారి సలహాపై సూదులు మొదలుపెట్టాం. దేవుని కృప వలన బాబు క్షేమంగా ఉన్నాడు.

ఆ ఇంట్లో అందరూ ప్రేమతోనే నిజం దాచారు. అందుకే ఈ నాలుగు మాటలు.

1. పిల్లలకు నిజం చెప్పండి. "ఊరికి వెళ్లింది" అంటే గేటు దగ్గర ఎదురు చూస్తారు. "నిద్రపోయింది" అంటే పడుకోవడానికే భయపడతారు. "చనిపోయింది, ఇక రాదు, నీ తప్పేమీ లేదు" అని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

2. ఆ రోజే ఇంట్లో అందరినీ అడగండి: కరిచిందా? గీరిందా? పుండు మీద నాకిందా? కోప్పడకుండా అడిగితేనే పిల్లలు చెబుతారు. అలాంటిదేదైనా ఉంటే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి రండి. కారం, పసుపు, సున్నం పెట్టకండి. పూర్వం బొడ్డు చుట్టూ వేసే సూదులు ఇప్పుడు లేవు. చేతి కండకు వేసేవైతే మొదటి రోజును 0గా లెక్కించి 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. చర్మం పొరలో వేసేవైతే 0, 3, 7, 28 రోజుల్లో. రక్తం వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. కరిచిన కుక్క 10 రోజుల లోపల చనిపోతే ఒక్క సూది కూడా మానకూడదు. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక బ్రతికించడం దాదాపు అసాధ్యం. గాయం లేని చర్మాన్ని నాకినా, నిమిరినా, అన్నం పెట్టినా భయం లేదు.

3. జబ్బు అనుమానం ఉంటే వట్టి చేతులతో ముట్టుకోకండి. పశువుల డాక్టరుకు తెలియజేయండి. చేతులకు తొడుగులు వేసుకుని, బావికి, బోరుకు దూరంగా, ఇతర కుక్కలు తవ్వలేనంత లోతుగా పాతిపెట్టండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. పిల్లలు దూరం నుండి చూసి, పైన ఒక పువ్వు పెట్టవచ్చు.

4. దుఃఖాన్ని చులకన చేయకండి. "కుక్క కోసం ఇంత ఏడుపా?" అనకండి. నాతాను ప్రవక్త దావీదుతో చెప్పిన ఉపమానం 2 సమూయేలు 12వ అధ్యాయంలో ఉంది. అందులో ఆ పేదవాడు తన గొఱ్ఱెపిల్లను కూతురిలా పెంచుకున్నాడు. అటువంటి ప్రేమను బైబిలు ఎగతాళి చేయలేదు. పిల్లలు దూర దేశాల్లో ఉండగా కుక్కే తోడుగా బ్రతికే పెద్దవారికి ఈ లోటు మరీ ఎక్కువ. వారి ఇంటికి వెళ్లి కాసేపు కూర్చోండి. రెండు మూడు వారాలైనా తిండి, నిద్ర సరిగా లేకపోతే డాక్టరుకు చూపించండి. మర్నాడే మరో కుక్కపిల్లను తెచ్చి మరిపించాలని చూడకండి. తెచ్చుకున్న రోజున మాత్రం దానికి టీకాలు వేయించి, ఏటేటా మరచిపోకండి.

ఆ బాబు చివరి సూదికి వచ్చినప్పుడు టామీ బొమ్మ గీసి తెచ్చాడు. కింద "చనిపోయింది" అని తనే వ్రాశాడు. ఆ రోజు అన్నం తిని వచ్చానని కూడా చెప్పాడు.

ప్రభువు మీ కుటుంబములను కాపాడును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్