పి.ఎస్.ఎ. నార్మల్ వచ్చినా మూత్రం ఆగుతోందా?

మగవారికి మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ పెద్ద ఉసిరికాయంత ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. వయసు మళ్ళాక అది ఉబ్బుతుందని, దానికి క్యాన్సర్ వస్తుందని మీలో చాలామంది వినే ఉంటారు. ఈ పాఠం ఆ రెండింటి గురించి కాదు. ప్రోస్టేట్ సార్కోమా అనే అరుదైన గడ్డ గురించి.

మామిడిపండులో రసం, పీచు ఉన్నట్లే ఈ గ్రంథిలో ద్రవాన్ని ఊర్చే కణాలు, వాటిని పట్టి ఉంచే కండ, నార ఉంటాయి. మామూలు క్యాన్సర్ ఊర్చే కణాల్లో పుడుతుంది. సార్కోమా పీచు వైపు పుడుతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి కూడా ఉండదు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, పి.ఎస్.ఎ. అనే పదార్థాన్ని తయారుచేసేది ఆ ఊర్చే కణాలే. సార్కోమా దాన్ని తయారుచేయదు. కాబట్టి గడ్డ నారింజకాయంత పెరిగినా రక్తపరీక్ష నార్మల్‌గానే రావచ్చు.

మా వార్డుకు ముప్పై నాలుగేళ్ళ లారీ డ్రైవరు వచ్చాడు. అంతకుముందు వేరేచోట్ల మూడుసార్లు మూత్రం గొట్టం వేసి, మాత్రలిచ్చి పంపారు. "రిపోర్టు బాగుంది కదా సిస్టరమ్మా" అని పి.ఎస్.ఎ. కాగితం చూపించాడు. అలా ఐదు నెలలు గడిచాయి. ఆసనంలో వేలు పెట్టి చూసే పరీక్ష అప్పటివరకూ ఎవరూ చేయలేదు, అతనూ సిగ్గుపడి అడగలేదు. మా డాక్టరుగారు చూసిన రోజే అనుమానించి ఎం.ఆర్.ఐ., బయాప్సీ చేయించారు. లియోమయోసార్కోమా అని తేలింది. పెద్దవారిలో ఎక్కువగా కనిపించే రకం ఇదే. ఇది రక్తం ద్వారా ఊపిరితిత్తులకు పాకే గుణం గలది, అందుకే ఛాతీ స్కానింగు కూడా తీస్తారు. అతనికి ఛాతీ శుభ్రంగా ఉంది. ఆపరేషన్‌లో ప్రోస్టేట్‌తోపాటు మూత్రాశయం కూడా తీసేయవలసి వచ్చింది. పొట్ట మీది సంచి మార్చడం అతని భార్య రెండు రోజుల్లో నేర్చుకుంది, నాకంటే నీటుగా అంటిస్తుంది. స్కానింగులకు ఇప్పటికీ వస్తూనే ఉన్నాడు.

చిన్నపిల్లల్లో వచ్చేది రాబ్డోమయోసార్కోమా. బాబు మూత్రానికి ముక్కుతూ ఏడుస్తుంటే, పొత్తికడుపులో గట్టిగా తగులుతుంటే, రక్తం పడితే, రాయేమోనని బార్లీ నీళ్ళు పడుతూ కూర్చోకండి. పూర్వం ఈ పిల్లలకు మూత్రాశయం తీసేసేవారు. ఇప్పుడు ముందుగా విన్‌క్రిస్టిన్ వంటి మందులు, తర్వాత రేడియేషన్ ఇచ్చి చాలామందికి మూత్రాశయాన్ని కాపాడగలుగుతున్నారు.

కొందరి రిపోర్టులో "స్టంప్" అని ఉంటుంది. "క్యాన్సరా కాదా, ఒక్క మాట చెప్పండి" అని మమ్మల్ని నిలదీస్తారు. ముందుముందు ఎలా నడుచుకుంటుందో ఇప్పుడే చెప్పలేని గడ్డ అనే దాని అర్థం. కొన్ని ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి, కొన్ని తీసినచోటే మళ్ళీ వస్తాయి, కొద్దిపాటివి సార్కోమాగా మారతాయి. బాగానే ఉన్నానని చెకప్పులు మానేయకూడదు.

ఇంకొక చిక్కు. పక్కనే ఉన్న పురీషనాళంలో పుట్టే "జిస్ట్" అనే గడ్డ సూది ముక్కలో ప్రోస్టేట్ గడ్డలాగే కనబడి మోసం చేస్తుంది. కిట్ అనే ప్రత్యేక రంగు పరీక్షతో దాన్ని గుర్తుపట్టవచ్చు. దానికి 2001 ప్రాంతం నుండి ఇమాటినిబ్ అనే మాత్ర వాడుతున్నారు. పెద్ద గడ్డ కూడా ఆ మాత్రతో కుంచించుకుపోయి, చిన్న ఆపరేషన్‌తో సరిపోవచ్చు. కనుక ల్యాబువారు మరో పరీక్షకు డబ్బు కట్టమంటే విసుక్కోకండి.

సూది పొడిస్తే క్యాన్సర్ పాకుతుందని పారిపోయేవారిని నేను చాలామందిని చూశాను. ముక్క తీయనిదే ఏ రకమో తెలియదు, రకం తెలియనిదే మందు లేదు.

హైదరాబాదు ఎం.ఎన్.జె.కో, విశాఖ హోమీ భాభాకో పంపిస్తే రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్ళకండి. మీ ముక్కను మైనంలో పోసి ఉంచిన బ్లాకు, గాజు స్లైడులు ల్యాబులో అడిగి తీసుకోండి. వాటితోపాటు స్కానింగు ఫిల్ములు, ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు కూడా సంచిలో పెట్టుకోండి.