మళ్ళీ పుస్తకం పట్టిన దుర్గాబాయి

"ఈ వయసులో నీకు చదువెందుకు?"

ఈ మాట చాలామంది ఆడవాళ్ళు విన్నదే. పలక పట్టుకుని రాత్రి బడికి పోతుంటే అరుగు మీద కూర్చున్నవాళ్ళు అంటారు. ఇంట్లో అత్తగారు అంటుంది. మొగుడు అంటాడు. ఒక్కోసారి ఆడవాళ్ళు తమకు తామే అనుకుంటారు.

దుర్గాబాయి కథ ఈ మాటకు జవాబు. ఆమె చిన్నప్పుడే బడి మానేసింది. 24 ఏళ్ళు వచ్చాక మళ్ళీ పుస్తకం పట్టింది. 33 ఏళ్ళకు ప్లీడరయింది. మన దేశానికి రాజ్యాంగం రాసిన సభలో కూర్చుంది. ఇది ఎలా జరిగింది? చదవండి.

ఎనిమిదేళ్ళకే పెళ్ళి

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఆ రోజుల్లో బొమ్మలతో ఆడుకునే వయసులోనే ఆడపిల్లలకు పెళ్ళి చేసేవాళ్ళు. దుర్గకు కూడా ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెళ్ళంటే ఏమిటో ఆ పిల్లకు తెలియదు.

కొంచెం పెద్దదయ్యాక ఆమెకు సంగతి అర్థమైంది. తను కాపరానికి వెళ్ళనని ఇంట్లో చెప్పింది. వేరే పెళ్ళి చేసుకోమని ఆ అబ్బాయికి కూడా చెప్పింది. ఆ కాలంలో ఒక ఆడపిల్ల ఇలా చెప్పడం చిన్న సంగతి కాదు. నలుగురూ నాలుగు మాటలు అంటారు. కాని తండ్రి ఆమెను బలవంతపెట్టలేదు. కూతురు పక్కనే నిలబడ్డాడు.

చదువు మానింది, చదువు చెప్పింది

అప్పుడు మన దేశం తెల్లవాళ్ళ చేతిలో ఉంది. స్వరాజ్యం కావాలని గాంధీజీ ఊరూరా తిరుగుతున్నారు. బడిలో పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చెబుతుంటే దుర్గకు నచ్చలేదు. 12 ఏళ్ళ వయసులో బడి మానేసింది. హిందీ నేర్చుకుంది. ఊరికే కూర్చోలేదు. రాజమండ్రిలో ఆడపిల్లల కోసం హిందీ పాఠశాల పెట్టింది. పాఠం చెప్పే పంతులమ్మే చిన్నపిల్ల. ఆమె దగ్గర పెద్ద ఆడవాళ్ళు కూడా హిందీ నేర్చుకున్నారు.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చారు. ఊళ్ళో దేవదాసీలు ఉండేవాళ్ళు. గుడికి అంకితం చేసిన ఆడవాళ్ళు వాళ్ళు. అందరూ వాళ్ళను చిన్నచూపు చూసేవాళ్ళు. ఘోషాలో ఉండే ముస్లిం ఆడవాళ్ళు కూడా సభలకు వచ్చేవాళ్ళు కాదు. వీళ్ళందరికీ గాంధీజీ మాట వినిపించాలని దుర్గ అనుకుంది. సభ పెట్టే పెద్దలను అడిగింది. 5,000 రూపాయలు తెస్తే గాంధీజీ కొద్ది నిమిషాలు అక్కడ ఆగుతారని వాళ్ళు చెప్పారు. ఆ రోజుల్లో 5,000 అంటే చాలా పెద్ద డబ్బు. దుర్గ వెళ్ళి దేవదాసీలతో ఈ సంగతి చెప్పింది. వాళ్ళే ఆ డబ్బు కూడబెట్టి ఇచ్చారు.

గాంధీజీ వచ్చారు. కొద్ది నిమిషాలు అనుకున్నది కాస్తా చాలాసేపు మాట్లాడారు. ఆయన హిందీలో చెప్పిన మాటలను దుర్గ తెలుగులో చెప్పింది. విన్న ఆడవాళ్ళు ఒంటి మీది నగలు తీసి దేశం కోసం ఇచ్చారు.

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అక్కడ ఖద్దరు ప్రదర్శన పెట్టారు. టిక్కెట్టు లేనివాళ్ళను లోపలికి పంపవద్దని గుమ్మం దగ్గర దుర్గను నిలబెట్టారు. జవహర్‌లాల్ నెహ్రూ గారు వచ్చారు. ఆయన దగ్గర టిక్కెట్టు లేదు. దుర్గ ఆయనను ఆపేసింది! పెద్దలు కంగారుపడ్డారు. టిక్కెట్టు కొని ఇచ్చాకనే ఆమె ఆయనను లోపలికి పంపింది. నెహ్రూ గారికి కోపం రాలేదు. ఒప్పుకున్న పని సరిగ్గా చేసిందని మెచ్చుకున్నారు.

జైలులో నేర్చుకున్న పాఠం

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. పేదవాళ్ళు తినే ఉప్పు మీద కూడా తెల్లవాళ్ళు పన్ను వేశారు. సముద్రం నీళ్ళతో సొంతంగా ఉప్పు వండుకుంటే నేరం అన్నారు. మద్రాసులో దుర్గాబాయి గారు ఈ సత్యాగ్రహంలో దిగారు. పోలీసులు పట్టుకున్నారు. 1930 నుంచి 1933 దాకా ఆమె మూడుసార్లు జైలుకు వెళ్ళారు. మదురై జైలులో ఆమెను ఒంటరి గదిలో పెట్టారు. మాట్లాడడానికి మనిషి లేదు.

జైలులో ఆమె ఎందరో ఆడఖైదీలను చూశారు. వాళ్ళలో చాలామందికి చదువు రాదు. చట్టం తెలియదు. తమకు ఈ శిక్ష ఎందుకు పడిందో కొందరు చెప్పలేకపోయారు. కోర్టులో తమ తరఫున గట్టిగా మాట్లాడే దిక్కు వాళ్ళకు లేదు.

ఇది చూసి దుర్గాబాయి గారి మనసు కలతపడింది. ఇలాంటి ఆడవాళ్ళ తరఫున తానే నిలబడాలనుకున్నారు. అయితే ఎలా? జాలిపడితే సరిపోదు. చట్టం తెలియాలి. చట్టం తెలియాలంటే చదవాలి. ఆమె బడి మానేసి అప్పటికి పన్నెండేళ్ళయింది!

24 ఏళ్ళకు మొదటి మెట్టు

జైలు నుంచి బయటికి వచ్చేటప్పటికి ఆమెకు 24 ఏళ్ళు. ఆరోగ్యం దెబ్బతింది. అయినా పుస్తకం పట్టారు. ఇంగ్లీషు చదువు వద్దని చిన్నప్పుడు బడి మానిన మనిషి ఇప్పుడు ఇంగ్లీషు నేర్చుకోక తప్పలేదు. ఇంట్లో ఉండి చదువుకుని, కాశీ విశ్వవిద్యాలయం పెట్టే మెట్రిక్ పరీక్ష రాశారు. మెట్రిక్ అంటే ఇప్పటి పదో తరగతి లాంటిది. పాసయ్యారు. తరువాత ఇంటర్ కూడా పాసయ్యారు.

ఆ పైన బి.ఎ. చదవాలని విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అప్పుడు అక్కడ కట్టమంచి రామలింగారెడ్డి గారు పెద్ద అధికారి. ఆడపిల్లలు ఉండడానికి హాస్టల్ లేదు కాబట్టి చేర్చుకోలేమని ఆయన చెప్పారు.

దుర్గాబాయి గారు ఏడుస్తూ ఇంటికి పోలేదు. చదువుకోవాలని ఉన్న అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనకు రాయమని పత్రికలో ప్రకటన వేయించారు. కొందరు అమ్మాయిలు జాబులు రాశారు. అందరూ కలిసి హాస్టల్ పెట్టుకున్నారు. అప్పుడు చేర్చుకోక తప్పలేదు. ఒక్కరి కోసం తెరవని తలుపు పదిమంది కలిసి తడితే తెరుచుకుంది.

తరువాత ఆమె మద్రాసులో లా చదివారు. 1942లో పట్టా పుచ్చుకుని మద్రాసు హైకోర్టులో ప్లీడరయ్యారు. జైలులో అనుకున్న మాట నిలబెట్టుకున్నారు.

తను ఎక్కిన మెట్టు మరొకరికి

ఆమె తన చదువు పూర్తయ్యేదాకా ఆగలేదు. చదువుకుంటూనే మద్రాసులో ఇతర ఆడవాళ్ళకు పాఠాలు చెప్పారు. తను రాసిన మెట్రిక్ పరీక్షకే వాళ్ళను తయారు చేశారు. ఇలా మొదలైన పనే 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. తరువాత మద్రాసులో, హైదరాబాదులో ఆ సభ పేరు మీద ఆస్పత్రులు, బడులు, కాలేజీలు వచ్చాయి.

1946లో రాజ్యాంగం రాయడానికి ఢిల్లీలో సభ పెట్టారు. అందులో ఆడవాళ్ళు 15 మందే. వాళ్ళలో దుర్గాబాయి గారు ఒకరు. ఆ రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది. తెల్లవాళ్ళ కాలంలో ఆస్తి ఉన్నవాళ్ళకు, చదువుకున్నవాళ్ళకు, ఇలా కొద్దిమందికే ఓటు ఉండేది. కొత్త రాజ్యాంగం ఆడా మగా, పేదా గొప్పా తేడా లేకుండా పెద్దవాళ్ళందరికీ ఓటు ఇచ్చింది. సంతకం చేసే చేతికీ, వేలిముద్ర వేసే చేతికీ ఓటు ఒకటే అంది.

1953లో ఆమె చింతామణ్ దేశ్‌ముఖ్ గారిని పెళ్ళి చేసుకున్నారు. అప్పుడాయన దేశానికి ఆర్థికమంత్రి. ఎనిమిదేళ్ళప్పుడు జరిగిన పెళ్ళి ఆమెను అడిగి చేసింది కాదు. ఈ పెళ్ళి ఆమె ఇష్టపడి చేసుకున్నది. అప్పుడు ఆమెకు 43 ఏళ్ళు.

ఆ ఏడాదే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టారు. దానికి మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయి గారే. చిన్నప్పుడు చదువు ఆగిపోయిన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళు చిన్నపిల్లలతో కలిసి బడిలో కూర్చోలేరు. అన్ని ఏళ్ళు చదవడానికి తీరిక ఉండదు. అందుకని 1958లో ఈ బోర్డు పెద్దవాళ్ళయిన ఆడవాళ్ళ కోసం తక్కువ కాలంలో పూర్తయ్యే చదువు పెట్టింది. తను పడిన కష్టం వాళ్ళు పడకూడదని ఆమె తాపత్రయం.

హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభ సాక్షరతా భవనం కూడా పెట్టింది. కొత్తగా చదువు నేర్చినవాళ్ళ కోసం అక్కడ పుస్తకాలు తయారు చేశారు. 1975లో ప్రభుత్వం ఆమెకు పద్మవిభూషణ్ బిరుదు ఇచ్చింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు.

"ఈ వయసులో నీకు చదువెందుకు?" అని ఎవరైనా అడిగితే దుర్గాబాయి కథ చెప్పండి. ఆమెకు 24 ఏళ్ళు. మీకు 30 ఉండవచ్చు, 50 ఉండవచ్చు. తన కోసమూ, తన తోటి ఆడవాళ్ళ కోసమూ నేర్చుకునే చదువుకు వయసు అడ్డం రాదు.

కొత్త మాటలు

రాజ్యాంగం = దేశాన్ని ఎలా నడపాలో చెప్పే పెద్ద చట్టం
ప్లీడరు = కోర్టులో మన తరఫున మాట్లాడే లాయరు
ఘోషా = ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళ కంటపడకుండా ఉండే ఆచారం
సాక్షరత = చదవడం, రాయడం రావడం

జవాబు చెప్పండి

1. దుర్గాబాయి ఎక్కడ పుట్టింది? ఏ సంవత్సరంలో?
2. నెహ్రూ గారిని ఆమె ఎందుకు ఆపింది?
3. లా చదవాలని ఆమెకు ఎందుకు అనిపించింది?
4. హాస్టల్ లేదంటే ఆమె ఏం చేశారు?

కలిసి మాట్లాడుకోండి

మీ ఊళ్ళో చదువు మధ్యలో మానేసిన ఆడపిల్లలు ఎంతమంది? ఎందుకు మానేశారు? వాళ్ళను మళ్ళీ బడికి పంపాలంటే ఊళ్ళోవాళ్ళు ఏం చేయాలి?

రాయండి

మీరు చదువు ఎందుకు నేర్చుకున్నారు? మూడు వాక్యాలు రాయండి. కింద మీ సంతకం చేయండి.