కంప్యూటర్ యుద్ధానికీ ధర్మం ఉంది



రెండు దేశాల మధ్య యుద్ధం మొదలైందంటే ఈ రోజుల్లో తుపాకి పట్టని కొందరు యువకులు కూడా యుద్ధంలోకి దిగుతున్నారు. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, శత్రుదేశపు బ్యాంకులను, కరెంటు సంస్థలను, చివరకు ఆసుపత్రులను స్తంభింపజేయడం దేశభక్తి అనుకుంటారు. "ఇది కంప్యూటర్ల మధ్య యుద్ధం, దీనికి చట్టమెక్కడిది?" అంటారు. నిజంగానే చట్టం లేదా? ఈ వారం తెలుసుకుందాం.

ముందుగా జరిగిన ఒక సంగతి. 2017 మే నెలలో 'వాన్నాక్రై' అనే కంప్యూటర్ వైరస్ సుమారు 150 దేశాలకు పాకింది. అది ఫైళ్ళకు తాళం వేసి, డబ్బు చెల్లిస్తేనే తెరుస్తానంటుంది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేలాది రోగుల అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా కొన్ని పోలీసు కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. ఇది యుద్ధంలో జరిగింది కాదు, నేరం. అయినా ఒక పాఠం నేర్పింది: ఇలాంటి వైరస్‌ను వదలడం వరకే మన చేతిలో ఉంటుంది, అది ఎవరి మంచం దగ్గర ఆగుతుందో మన చేతిలో ఉండదు.

ఇక చట్టం సంగతి. 1949లో నాలుగు జెనీవా ఒప్పందాలు కుదిరాయి. భారతదేశం 1950లో, పరిశుద్ధ పీఠం 1951లో వాటిని ధ్రువీకరించాయి. యుద్ధం చేసేవారిని, చేయని వారిని వేరుగా చూడాలి. గాయపడినవారిని, ఆసుపత్రులను కాపాడాలి అన్నది ఈ చట్టానికి మూలసూత్రం. ఆనాడు ఇంటర్నెట్ లేదు. మరి కొత్త ఆయుధాలకు పాత చట్టం వర్తిస్తుందా? 1996లో అణ్వాయుధాల విషయమై అంతర్జాతీయ న్యాయస్థానం తన అభిప్రాయం చెబుతూ, ఈ చట్టం నిన్నటి, నేటి, రేపటి ఆయుధాలన్నింటికీ వర్తిస్తుందని స్పష్టం చేసింది. 2013లో భారత్‌తో సహా 15 దేశాల నిపుణులు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదికలో, దేశాలు కంప్యూటర్లను, ఇంటర్నెట్‌ను వాడే తీరుకు కూడా అంతర్జాతీయ చట్టం వర్తిస్తుందని అంగీకరించారు.

అన్ని చిక్కులూ తీరిపోలేదు. భవనాన్ని కూల్చకుండా, అందులోని సమాచారాన్ని మాత్రమే చెరిపివేస్తే అది 'దాడి' అవుతుందా అన్న విషయంలో దేశాలు ఇంకా ఒక మాట మీదకు రాలేదు. కాని ఆసుపత్రి విషయంలో సందేహం లేదు. బాంబు వేసి ఆపినా, మీట నొక్కి ఆపినా, అక్కడ చికిత్స అందక బాధపడేది రోగే.

2022 జనవరిలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కంప్యూటర్లలోకి ఎవరో చొరబడ్డారు. యుద్ధాల్లో, వలసల్లో, విపత్తుల్లో కుటుంబాలకు దూరమైనవారితో సహా 5,15,000 మందికి పైగా అభాగ్యుల వివరాలు ఆ చొరబాటుదారుల చేతికి చిక్కాయి. ఆ సంస్థ నిపుణులు 2023 అక్టోబరులో, యుద్ధంలో తలదూర్చే పౌర హ్యాకర్ల కోసం ఎనిమిది నియమాలు ప్రకటించారు. పౌరుల ఆస్తులపై దాడి చేయరాదు. అదుపు లేకుండా పాకే వైరస్‌లు వాడరాదు. ఆసుపత్రుల జోలికి వెళ్ళరాదు. శత్రువు తప్పినా మీరు నియమం తప్పరాదు అన్నవి వాటిలో కొన్ని. అంతేకాదు, యుద్ధంలో నేరుగా పాల్గొన్న పౌరుడు ఆ సమయంలో పౌరుడిగా తనకున్న రక్షణను కోల్పోతాడు.

యుద్ధం లేనప్పుడు కూడా చట్టం నిద్రపోదు. మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం, అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి చొరబడి నష్టం కలిగిస్తే పరిహారం చెల్లించాలి. అదే పని మోసపు బుద్ధితో చేస్తే మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

తల్లిదండ్రులారా, కంప్యూటర్ విద్యలో ఆరితేరిన బిడ్డను చూసి గర్వించండి. కాని ఆ తెలివిని ఎవరి మీద ప్రయోగిస్తున్నాడో అడిగి తెలుసుకోండి. తెర వెనుక ఉన్నది అంకెలు కావు, మనుషులు అని బిడ్డకు చెప్పవలసింది మీరే.

కుటుంబంలో చర్చించుకోవడానికి:
1. మనకు కనిపించని వ్యక్తికి చేసే హాని చిన్నదిగా ఎందుకు తోస్తుంది?
2. శత్రువు నియమం తప్పితే మనమూ తప్పవచ్చా?