వాట్సాప్ స్టేటస్‌లో జీడిపప్పు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నిమ్మాడ. పలాసలో జీడిపప్పు కొని, అరకిలో, కిలో ప్యాకెట్లు కట్టి వాట్సాప్, ఫేస్‌బుక్‌లలో అమ్ముతున్నాను. దుకాణం లేదు. ఇది చట్టరీత్యా తప్పా?

జవాబు: తప్పేమీ లేదమ్మా. ఫోనులో సరుకు అమ్మకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. అయితే దుకాణానికి ఉండే బాధ్యతలన్నీ మీకూ ఉంటాయి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఆన్‌లైన్‌లో కొన్నవారిని కూడా వినియోగదారులుగానే గుర్తించింది.

అమ్మేది తిండి సరుకు కాబట్టి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ముందు చేయించుకోండి. ఇంటి నుంచి నడిపే చిన్న వ్యాపారానికీ ఇది తప్పదు. ఫోస్కోస్ పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు. ఇక ప్యాకెట్: పాలిథిన్ కవరుకు కొవ్వొత్తి మంటతో మూతి అంటించి పంపేస్తే చాలదు. కట్టినవారి పేరు, చిరునామా, నికర బరువు, గరిష్ఠ ధర, ప్యాక్ చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు దాని మీద ఉండాలి.

మన ప్రాంతం వాళ్లకు అసలు చిక్కు జీఎస్టీ దగ్గర వస్తుంది. సరుకులు మాత్రమే అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల రూపాయల టర్నోవరు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ వెసులుబాటు రాష్ట్రం లోపలి అమ్మకాలకే. పర్లాకిమిడి మనకు పొరుగూరే, కానీ ఒడిశాలో ఉంది. హైదరాబాదులోని చుట్టాలూ 2014 నుంచి వేరే రాష్ట్రం వాళ్లే. జీడిపప్పు మీద పన్ను ఉంది కనుక, వాళ్లకు వ్యాపారంగా ఒక్క కిలో పంపినా ముందు జీఎస్టీ నంబరు ఉండాలి. చిన్నవాళ్ల మీద ఇది బరువైన నియమమే అని నా అభిప్రాయం. అయినా అమల్లో ఉన్నంతవరకు పాటించక తప్పదు.

"ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని స్టేటస్‌లో రాసుకున్నంత మాత్రాన రక్షణ దొరకదు. గుండు పప్పు ఫొటో పెట్టి ముక్కలు పంపినా, పురుగు పట్టిన సరుకు ఇచ్చినా, వెనక్కి తీసుకోను అంటే అది అనుచిత వాణిజ్య పద్ధతి కిందకు వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే.

జీడిపప్పుతో పాటు "ఉద్దానం కిడ్నీ జబ్బుకు మందు" అంటూ పొడులు, కషాయాలు అమ్మే పోస్టులూ కనిపిస్తున్నాయి. వాటి జోలికి అసలు పోవద్దు. 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం ప్రకటన చేయకూడదని చెప్పిన జబ్బుల జాబితాలో కిడ్నీ జబ్బులు కూడా ఉన్నాయి.

కొనేవారికీ ఒక మాట. చాటింగ్, యూపీఐ రసీదు, పార్సిల్ ఫొటోలు చెరిపేయకండి. ఫిర్యాదు ఉంటే ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. పరిష్కారం కాకపోతే రెండేళ్లలోపు ఈ-జాగృతి పోర్టల్‌లో వినియోగదారుల కమిషన్‌కు కేసు వేయవచ్చు. సరుకుకు చెల్లించింది 5 లక్షల రూపాయల వరకైతే రుసుము లేదు. డబ్బు తీసుకుని మాయమైతే అది మోసం, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. అమ్మినవారు ఎక్కడున్నా, వినియోగదారుల కేసు మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు.