వృద్ధులు పడిపోకముందే గుర్తించుట ఎట్లు?

మా సిరిసిల్ల మరమగ్గాల ఊరు. ఏండ్ల తరబడి మగ్గము ముందు నిలబడి పనిచేసిన ఒక పెద్దాయన స్నానాలగది గడప దాటుచు పడి తుంటి ఎముక విరుగగొట్టుకొనెను. శస్త్రచికిత్స పిమ్మట తైలము కొరకు నాయొద్దకు వచ్చిరి. "ఆరు నెలల సంది గోడ పట్టుకొనే నడుస్తుండె అయ్యగారూ, వయసు గదా అనుకున్నం" అని కుమారుడు కంటతడి పెట్టెను.

పడుటకు ముందే శరీరము సూచన ఇచ్చును. దానిని గుర్తించుటకు పిల్లల వీడియో గేమ్ పరికరములు సైతము ఉపయోగపడినవి. జపానుకు చెందిన నింటెండో సంస్థ 2007లో తెచ్చిన 'వీ బ్యాలెన్స్ బోర్డు' బరువు తూచు యంత్రమువలె నుండును. నాలుగు మూలలందలి సెన్సార్ల వలన, పైన నిలుచున్న మనిషి ఎటు ఎంత ఊగుచున్నాడో తెలియును. ప్రయోగశాలలోని ఖరీదైన పరికరముతో పోల్చిచూచి, ఇది నమ్మదగినదని మెల్‌బోర్న్ పరిశోధకులు 2010లో తెలిపిరి. అదే ఏడు వచ్చిన 'కైనెక్ట్' కెమెరాను అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయమువారు వృద్ధుల నివాసములందు అమర్చి నడకను గమనించిరి. పడుటకు కొన్ని వారముల ముందే నడక మందగించుట కనిపించెను. ఈ పరికరముల తయారీ నేడు ఆగిపోయినను, అవి నేర్పిన పాఠము నిలిచియున్నది.

యంత్రము లేకున్నను ఇంటిలో పరీక్షింపవచ్చును. పెద్దవారిని చేతుల కుర్చీలో కూర్చుండబెట్టి, 3 మీటర్ల దూరమున నేలపై గీత గీయవలెను. లేచి, మామూలు నడకతో గీత వరకు వెళ్ళి, తిరిగి వచ్చి కూర్చుండుటకు 12 సెకన్లు గాని, అంతకు మించి గాని పట్టినచో పడు ప్రమాదము గలదని భావించి వైద్యుని సంప్రదింపవలెను. పరీక్షించునప్పుడు ఒకరు ప్రక్కనే ఉండుట తప్పనిసరి.

వార్ధక్యము వాతప్రధానమని ఆయుర్వేద సిద్ధాంతము. అందుకే పాదాభ్యంగము మేలు. నువ్వుల నూనెను గోరువెచ్చగా పాదములకు, పిక్కలకు మర్దించవలెను. కాని నూనె పాదములతో గచ్చుపై నడచుటయే ఒక ప్రమాదము! సెనగపిండితో జిడ్డు పోవునట్లు కడిగి, పొడిగుడ్డతో తుడిచిన పిమ్మటనే లేవనీయవలెను.

రాత్రి దారిలో చిన్నదీపము, స్నానాలగదిలో పట్టుకొనుటకు కమ్మి, జారని చెప్పులు సమకూర్చవలెను. కంటిచూపు పరీక్ష చేయించవలెను. రక్తపోటు మందులు, నిద్రమాత్రలు వాడుచు తల తిరుగుచున్నచో స్వయముగా మానక, ఆ మందులిచ్చిన వైద్యునికి చెప్పవలెను.

గోడ పట్టుకొని నడచుట వయోధర్మమని ఊరకుండరాదు. ఈ ఆదివారమే మీ ఇంటి పెద్దల నడకను గడియారముతో చూడుడు.