డెక్ క్యాడెట్‌గా వెళ్తున్న మేనల్లుడికి



జాయినింగ్ లెటర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషం. తొలి వారంలో నిన్ను తికమక పెట్టే మాట ఒకటుంది: వాచ్. ఇక్కడ మనకి అది చేతికి పెట్టుకునేది. ఓడలో నాలుగు గంటల డ్యూటీని వాచ్ అంటారు, ఆ డ్యూటీలో ఉన్న మనుషులనీ వాచ్ అనే అంటారు. నీ వాచ్ ఏదని ఎవరైనా అడిగితే మణికట్టు చూపించకు, ఏడిపిస్తారు. మామూలుగా ఎనిమిది–పన్నెండు థర్డ్ ఆఫీసర్‌ది, పన్నెండు–నాలుగు సెకండ్ ఆఫీసర్‌ది, నాలుగు–ఎనిమిది చీఫ్ ఆఫీసర్‌ది. పగలూ రాత్రీ అంతే. పాత ఓడల్లో సాయంత్రం నాలుగు–ఎనిమిదిని రెండు ముక్కలు చేసి డాగ్ వాచ్ అనేవారు. మధ్యలో కుక్క ఎందుకొచ్చిందో నన్నడగకు!

నీకు ముందు అప్పగించేది లుకౌట్. ఓడలు ఢీకొనకుండా పెట్టిన 1972 నాటి కొలిజన్ రూల్స్‌లో ఐదోది అదే: కళ్ళతో, చెవులతో, ఉన్న సాధనాలన్నిటితో కనిపెట్టుకుని ఉండాలి. రాత్రి వెలుతురులోంచి పైకి, ఓడ నడిపే బ్రిడ్జి మీదకి వస్తే కళ్ళు చీకటికి అలవాటుపడడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. అంచేత ముందే వెళ్ళు, ఫోన్ తియ్యకు. మసక దీపాన్ని తిన్నగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకి చూస్తే ఆనుతుంది. మన విశాఖ, కాకినాడ తీరంలో ఫైబర్ తెప్పలు రాడార్ మీద అలల చుక్కల్లో కలిసిపోతాయి. దగ్గరకెళ్ళాక ఎవరో టార్చి ఊపుతారు, అంతే. అక్కడ నీ కళ్ళే దిక్కు.

ఏది కనబడినా వెంటనే చెప్పు. చివరికది నక్షత్రమని తేలినా ఫరవాలేదు. టైటానిక్ మీద లుకౌట్‌లో ఉన్న ఫ్రెడరిక్ ఫ్లీట్ 1912 ఏప్రిల్ 14 రాత్రి మంచుకొండని చూడగానే గంట మూడుసార్లు కొట్టి బ్రిడ్జికి ఫోన్ చేశాడు. బైనాక్యులర్స్ ఉంటే ఇంకాస్త ముందే చూసేవాణ్ణని విచారణలో అన్నాడు. నన్నడిగితే, ముందు వట్టి కళ్ళతో వెతకాలి, ఏదైనా ఆనాక బైనాక్యులర్స్ ఎత్తాలి.

కళ్ళు పనిచెయ్యాలంటే నిద్ర కావాలి. రోజుకి కనీసం పది గంటల విశ్రాంతి నీ హక్కు. నిద్రపోకుండా పోయినట్టు విశ్రాంతి రికార్డులో రాయకు, పక్కవాళ్ళు రాస్తున్నా సరే. నువ్వు ఆఫీసరయ్యాక, రిలీవ్ చెయ్యడానికి వచ్చినవాడు తాగి ఉన్నా, నిలబడలేకపోతున్నా వాచ్ అప్పగించకూడదు. కెప్టెన్‌కి చెప్పాలి. సీనియరైనా మొహమాటపడకు.

సైన్ ఆన్ అవగానే ఓడ పేరు, మొదటి పోర్టు మెసేజ్ పెట్టు. మీ అమ్మకి ముందు, నాకు తర్వాత.

ఇట్లు,
మీ పెద్ద మామయ్య